కాయలు కాచిన చేతుల సాక్ష్యము

ఒంగోలు క్లౌ దొర జీవితమునుండి ఒక ధ్యానము

చదువవలసిన వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 9:36–43; 1 కొరింథీయులకు 1:26–29

అపొస్తలుడైన పేతురు యొప్పే పట్టణములో చాల దినములు ఎవరి యింట బస చేసెనో జ్ఞాపకము చేసికొందము. అది యాజకుని యిల్లు కాదు, వర్తకుని యిల్లు కాదు. సీమోను అను ఒక చర్మకారుని యిల్లు. ఆ యిల్లు సముద్రపు దరిని ఉండెనని లేఖనము చెప్పుచున్నది. చచ్చిన పశువును ముట్టినవాడు సాయంకాలమువరకు అపవిత్రుడని ధర్మశాస్త్రములో నేర్చుకొన్న యూదుడు పేతురు. అట్టివాడు తోళ్ళ వాసన కొట్టు ఇంటిలో భోజనము చేసెను, నిద్రించెను, ఆ మిద్దెమీదనే ప్రార్థించెను. ఏ మనుష్యునిని అపవిత్రునిగా ఎంచరాదను గొప్ప పాఠమును దేవుడు ఆయనకు నేర్పినది ఆ మిద్దెమీదనే. పాఠము చెప్పుటకు దేవుడు ఏ బడిని ఎన్నుకొనెనో చూచితిరా?

మన ప్రాంతములో కూడ అట్టి సంగతి జరిగినది. ఒక దొర సముద్రము దాటి వచ్చి, తోలుపని చేయువారి నడుమ తన జీవితములో ఎక్కువ భాగము గడిపెను. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. మన తాతలు ఆయనను ఒంగోలు క్లౌ దొర అని పిలిచిరి. వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున వేలమంది బాప్తిస్మము పొందిన కథ మనలో అనేకులు చిన్నతనమునుండి వినియున్నారు. అయితే ఆ వేలమంది బాప్తిస్మమునకు ముందు ఏమి చేయుచుండిరో, వారి చేతులు ఎట్లుండెనో మనము అంతగా చెప్పుకొనము. ఈ నెల దానినే చెప్పదలచితిమి.

నాగలినుండి గొలుసునకు

క్లౌ 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రములో, ఫ్రూస్‌బర్గ్ అను చిన్న ఊరి దగ్గర పుట్టెను. వారిది సేద్యపు కుటుంబము. కొత్త భూములు వెదకుకొనుచు ఆ కుటుంబము పడమటికి, ఇల్లినాయి రాష్ట్రమునకును తరువాత అయోవా రాష్ట్రమునకును తరలిపోయెను. కొత్త నేలను సాగులోనికి తెచ్చుట ఎంత కష్టమో నల్లరేగడి దున్నిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ కష్టములో ఆ పిల్లవాడు పెరిగెను.

యౌవనములో ఆయన మిన్నెసోటా ప్రాంతమునకు పోయి, ప్రభుత్వ భూమి కొలతల వారి వద్ద చేరెను. మనుష్య సంచారము లేని అడవులలోను చిత్తడి నేలలలోను భూమిని కొలుచుట ఆ పని. గొలుసు పట్టుకొని నడుచుటతో మొదలుపెట్టి, క్రమముగా తానే సర్వేయరు అధికారి ఆయెను. ఆ కొలత పని ఇరువది యేండ్ల తరువాత, వేలమైళ్ళ దూరమున, ఒక కరవు దినమున ఎందుకు పనికివచ్చునో అప్పుడు ఆయన ఎరుగడు. దేవుడు ఎరుగును.

న్యాయవాది కావలెనను కోరికతో ఆయన బర్లింగ్టన్ పట్టణములో చదువుటకు చేరెను. అక్కడ ఆయన మనస్సు మారి, 1858లో బాప్తిస్మము పొందెను. తరువాత తెలుగు దేశమునకు మిషనెరీగా వెళ్ళుటకు ఒప్పుకొని, 1864 చివర భార్య హ్యారియెట్‌తో ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరెను. ఆ దినములలో తెలుగు బాప్తిస్టు మిషనును ఒంటి నక్షత్రము అనుచుండిరి. ముప్పది యేండ్లు దగ్గరపడుచున్నను విశ్వాసులు కొద్దిమందియే. ఈ మిషనును మూసివేయుదమా అని అమెరికాలో ఒకటికంటె ఎక్కువమార్లు ఆలోచించిరి. అయినను జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు 1854 జనవరి 1వ తేదీన తెల్లవారుచుండగా ఒంగోలు కొండమీద మోకరించి, ఈ సీమకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించియుండిరి. నేటికిని ఆ కొండను ప్రార్థన కొండ అని పిలుచుచున్నాము. 1866 సెప్టెంబరులో క్లౌ కుటుంబము ఒంగోలులో కాపురముండెను. 1867 జనవరి 1వ తేదీన అక్కడ సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది మాత్రమే. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. అది గుంటూరు జిల్లాలో చేరినది 1904లో, మరల వేరై ఇప్పటి ప్రకాశము జిల్లాకు ముఖ్యపట్టణమైనది 1970లో.

చింతతోపులో అతిథి

ఒంగోలుకు పడమట సుమారు నలువది మైళ్ళ దూరమున తాళ్ళకొండపాడు అను ఊరు కలదు. ఆ ఊరిలో ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగవాడు నివసించుచుండెను. తోలుపని ఆయన కులవృత్తి, తోళ్ళ వ్యాపారము ఆయన జీవనము. దేవుని వెదకుట ఆయనకు చిన్ననాటినుండి ఉన్న దాహము. గురువులను ఆశ్రయించి, యోగము నేర్చి, తన పేటవారిలో గౌరవము పొందినవాడు. తోళ్ళ వ్యాపారము మీద ఉత్తర దిక్కునకు ప్రయాణము చేసినప్పుడు ఆయన సువార్త వినెను. వెదకినది దొరకినదని ఎంచి, ఊరికి తిరిగివచ్చి, తనవారికి చెప్పుటకు ఆరంభించెను. 1866లో ఆయనయు ఆయన భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. ఆ ప్రాంతమునకు సువార్త దొర గుఱ్ఱము మీద ఎక్కి రాలేదు. అది తోళ్ళ మూటతో నడిచివచ్చినది. క్లౌ దొర ఆ ఊరికి వెళ్ళకమునుపే పేరయ్య తన పని చేసికొనుచు, ఊరూర తనవారితో కూర్చుండి, విన్నది చెప్పియుండెను. పౌలు డేరాలు కుట్టుచు బోధించినట్లే ఈయనయు చేసెను.

1867 జనవరిలో క్లౌ దొర తాళ్ళకొండపాడునకు వెళ్ళి, ఊరి వెలుపల చింతతోపులో గుడారము వేసెను. చుట్టుపట్ల పల్లెలనుండి జనులు తమ తిండి మూటలు, కప్పుకొను గుడ్డలు తెచ్చుకొని, కొన్ని దినములు ఉండి వినుటకే వచ్చిరి. ఆ ప్రయాణములో 28 మంది బాప్తిస్మము పొందిరి. వారు దాదాపుగా అందరును తోలుపని వారే.

రెండు గదులు, ఒకటే వాక్యము

ఆ తొలి దినములలోనే క్లౌ దొరకు పెద్ద పరీక్ష వచ్చినది. ఒంగోలులోని పెద్దకులములవారు తమ పిల్లలకు బడి కావలెనని కోరిరి, సహాయము కూడ చేసిరి. బడి బాగుగా నడుచుచుండెను. పెద్దకులములవారు మొదట క్రైస్తవులైన యెడల తక్కినవారు తామే వచ్చెదరని చాలమంది మిషనెరీలు ఆ కాలమున తలంచుచుండిరి. అంతలో పల్లెలనుండి మాదిగ విశ్వాసులు వచ్చి సంఘములో చేరసాగిరి. వీరు చేరిన యెడల మేము రామని, మా పిల్లలను బడి మాన్పించెదమని పెద్దలు తెలియజేసిరి.

ఏమి చేయవలెను? ఒక ప్రక్కన చదువు, పలుకుబడి గలవారు. మరియొక ప్రక్కన ఊరి వెలుపల గుడిసెలలో ఉండి, లందతొట్టిలో చేతులు పెట్టువారు. క్లౌ దొర తన గదిలోనికి పోయి ప్రార్థించెను. ఎదుట నున్న పుస్తకములలోనుండి ఒక క్రొత్త నిబంధన తీసి తెరచినప్పుడు, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయము 26వ వచనము మొదలుకొని యున్న మాటలు కనబడెను. దేవుడు జ్ఞానులను, ఘనులను గాక లోకము తృణీకరించినవారిని ఏర్పరచుకొనెనని చెప్పు భాగమది. ఆయన లేచి ఈ సంగతి భార్యకు చెప్పబోగా, ఆమెయు తన గదిలో ప్రార్థించి, బైబిలు తెరచి, అదే భాగమును చదివియుండెను. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇక సందేహము లేకపోయెను. తోలుపని వారికి తలుపు తెరచియే యుండెను. పెద్దకులముల పిల్లలు బడి మానివేసిరి. దొరను గౌరవించుచుండిన పెద్దలు దూరమైరి. నష్టము చిన్నది కాదు, లాభము అప్పటికి కంటికి కనబడలేదు. అయినను ఆయన నిలిచెను.

పనికిని అవమానమునకును భేదము

ఆ కాలపు పల్లెలలో తోలుపని లేనిదే సేద్యము లేదు. బావిలోనుండి నీళ్ళు తోడు కపిలకు తోలు బాన, తోలు తొండము కావలెను. కాడికి వారులు, బండికి పగ్గములు, పొలము పోవు రైతు కాళ్ళకు చెప్పులు, అన్నియు మాదిగపేట నుండియే రావలెను. పచ్చి తోలును సున్నములో నానవేసి, వెండ్రుకలు గీకి, తంగేడు చెక్క నీళ్ళలో దినముల తరబడి ఊరబెట్టి, ఎండ చూచి నీడ చూచి ఆరబెట్టి, ఆరెతో పొడిచి కుట్టవలెను. ఎంత నేర్పు, ఎంత ఓర్పు గల పని! ఆ తోలు బాన చినిగినచో ఆ దినము పైరునకు తడి లేదు. అయినను ఆ బాన నీళ్ళు త్రాగి పెరిగిన పైరు మడికి పనికివచ్చెను గాని, బాన కుట్టినవాడు ఊరి బావి దగ్గరకు రాకూడదు. ఇది మన దేశపు విచిత్రము, మన దేశపు పాపము.

క్లౌ దొర విశ్వాసులకు మూడు నియమములు పెట్టెను. ఆదివారమున పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. ఈ మూడింటిని నిదానముగా ఆలోచించుడి. చెప్పులు కుట్టుట మానుడని ఆయన చెప్పలేదు. తోళ్ళు ముట్టవద్దని చెప్పలేదు. పని అపవిత్రమైనది కాదు. పనిచేయువాని మెడకు కట్టిన అవమానమే తీయవలసినది. చచ్చిన గొడ్డు మాంసము నీకు కూలి, జాతరలో డప్పు కొట్టుట నీకు విధి, పిలిచినప్పుడు కూలి లేక వచ్చుట నీకు వెట్టి అని చెప్పిన కట్టుబాటునకే దెబ్బ తగిలెను.

అందుకే ఊరి పెద్దలకు కోపము వచ్చెను. జాతరకు డప్పు లేకపోయెను, ఆదివారము పనికి మనిషి రాకపోయెను. కొన్ని ఊళ్ళలో విశ్వాసులకు పని ఇయ్యకుండిరి, నీళ్ళకు దారి మూసిరి, కళ్ళములో రావలసిన మేరను ఆపిరి, అబద్ధపు నేరములు మోపిరి. క్లౌ దొర అధికారుల యొద్దకు తిరిగి వారి పక్షమున మాటలాడెను. కాని దెబ్బలు తిన్నది, పస్తులున్నది ఆ విశ్వాసులే. ఆదివారము ఒక దినము తమదని, ఆ దినము తమ చేతులకు విశ్రాంతి గలదని చెప్పుటకు వారు చెల్లించిన వెల అది. ఆరు దినములు పనిచేయుటయు ఏడవ దినము విశ్రమించుటయు ఒకే ఆజ్ఞలో నున్నవి. విశ్రాంతి దినము లేని పని బానిసత్వము. ఐగుప్తులో ఇటుకలు చేసినవారు దానిని ఎరుగుదురు, మన తాతలును ఎరుగుదురు.

కరవు, కాలువ

1876లో వానలు తప్పిపోయెను. 1877లో కరవు భయంకరమాయెను. మద్రాసు రాజధానిలో లక్షలమంది చనిపోయిరి. గింజ లేదు, గడ్డి లేదు. ఎడ్లు చచ్చిపోయెను. సేద్యము లేనప్పుడు కాడికి వారు ఎవరికి కావలెను, కపిలకు బాన ఎవరికి కావలెను? రైతు ఇంట గింజ తరిగినప్పుడు అందరికంటె ముందుగా పస్తున్నవాడు మేర మీద బ్రదుకు మాదిగవాడు.

ఆ సమయమున మద్రాసు గవర్నరుగా నుండిన బకింగ్‌హాం ప్రభువు సముద్రపు ఒడ్డు వెంట పడవల కాలువ త్రవ్వు పనిని కరవు పనిగా నడిపించెను. కృష్ణా కాలువలను మద్రాసుతో కలుపు ఆ కాలువకు ఆయన పేరే నిలిచెను. ఆ పనులలో తమకు అండ ఎవరుందురని ప్రజలు భయపడుచుండిరి. అప్పుడు క్లౌ దొర సుమారు మూడున్నర మైళ్ళ కాలువను తానే కంట్రాక్టు తీసికొనెను. మిన్నెసోటా అడవులలో గొలుసు పట్టిన చేయి అప్పుడు మరల గొలుసు పట్టెను. ఎన్ని గజములు త్రవ్విరో కొలుచుటకు, లెక్క తేల్చుటకు, కూలి సరిగా పంచుటకు ఆ పాత విద్య పనికివచ్చెను. బోధకుడు కంట్రాక్టరు కావచ్చునా అని ఆయన సంకోచింపలేదు. ఆకలిగొన్నవారికి పని ఇచ్చుట కూడ సేవయే అని ఎంచెను.

తాటాకు గుడిసెలతో ఒక పెద్ద మజిలీ వెలసెను. వేలమంది చేరిరి. మగవారు మట్టి త్రవ్విరి, ఆడవారు తట్టలు నెత్తిన పెట్టుకొని గట్టుమీద పోసిరి. పల్లెలలో బోధించుచుండిన తెలుగు బోధకులే మేస్త్రీలైరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుంపు అప్పగింపబడెను. కరవునకు కులము లేదు గనుక మాదిగలేగాక ఇతర కులములవారును పనికి వచ్చిరి. ఊరిలో ఎదురుపడినచో తొలగిపోవలసిన మనుష్యులు ఇక్కడ ఒకే గుంటలో దిగి ఒకే మట్టి త్రవ్విరి.

మధ్యాహ్నము కొంచెము తెరపి దొరకినప్పుడు బోధకులు కూలివారితో మట్టిమీదనే కూర్చుండి మాటలాడుచుండిరి. ప్రయాసపడువారిని తన యొద్దకు రమ్మని ప్రభువు పిలిచిన ఆ పిలుపును వారు మరల మరల చెప్పిరి. వినువారు తట్ట దించి, చెమట తుడుచుకొనుచున్నవారు. ఆ మాట వారికి వేరుగా వివరించి చెప్పనక్కరలేదు. మత్తయి 11వ అధ్యాయము చివర చదివి చూడుడి.

అనేకులు బాప్తిస్మము అడిగిరి. క్లౌ దొర ఇయ్యలేదు. కూలికొరకు, గింజలకొరకు వచ్చినవాడెవడో, ప్రభువుకొరకు వచ్చినవాడెవడో కరవులో తెలియదని ఆయన భయపడెను. సుమారు పదునైదు నెలలు ఒక్కరికిని బాప్తిస్మము ఇయ్యకుండెను. పని చేయలేని ముసలివారికిని రోగులకును సహాయనిధులనుండి వచ్చిన సొమ్ము పంచెను, పని చేయగలవారికి పని ఇచ్చెను. కాని సంఘపు తలుపు మాత్రము ఆకలి తీరువరకు తెరువలేదు.

వెల్లంపల్లి యేటి ఒడ్డున

1878 జూన్ నెల వచ్చెను. సహాయము పంచు పని ముగిసెను. ఇక సొమ్ము లేదని, ఇచ్చుటకు ఏమియు లేదని ఆయన స్పష్టముగా తెలియజేసెను. బోధకులను, క్రైస్తవులను మాత్రమే గుండ్లకమ్మ ఒడ్డుననున్న వెల్లంపల్లికి రమ్మని కబురు పంపెను. కాని వారి వెంట గుంపులు గుంపులుగా జనులు బాప్తిస్మము కోరి వచ్చిరి.

తిరిగి పొండని, మీకిచ్చుటకు నా యొద్ద ఏమియు లేదని ఆయన చెప్పెను. అప్పుడు వారిచ్చిన జవాబు మన సంఘ చరిత్రలో మరువరానిది. తమకు సహాయము అక్కరలేదనిరి. పని చేసియే బ్రదికితిమనుటకు తమ చేతుల బొబ్బలే సాక్ష్యమనిరి, ఇకమీదటను పని చేసియే బ్రదుకుదుమనిరి. మరల పంట పోయిన యెడల చనిపోయెదము, అయితే క్రైస్తవులుగా చనిపోగోరుచున్నామనిరి.

ప్రియులారా, సాక్ష్యపత్రము లేనివారు తమ చేతులు చూపిరి. చదువు లేదు, భూమి లేదు, ఊరిలో పేరు లేదు. వారికున్నది కాయలు కాచిన అరచేయి ఒక్కటే. పునరుత్థానుడైన ప్రభువు కూడ సందేహించిన తోమాకు తన చేతులే చూపెను గదా! క్లౌ దొర ఇక అడ్డు చెప్పలేకపోయెను.

బోధకులు తమ తమ ఊళ్ళవారిని వేరువేరుగా కూర్చుండబెట్టి విచారించిరి. 1878 జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, వెరసి మూడు దినములలో 3,536 మంది గుండ్లకమ్మ నీళ్ళలో బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన ఉదయమున ఆరంభించి, మధ్యాహ్నము కొంతసేపు ఆగి, సాయంకాలమునకు ముగించిరి. ఆ దినమున నీళ్ళలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కసారి ఇద్దరు చొప్పున వంతులవారీగా దిగిరి. క్లౌ దొర తన చేతితో ఒక్కరికిని బాప్తిస్మమియ్యలేదు. నిన్న మొన్న కాలువలో మేస్త్రీలుగా నిలిచినవారే నేడు నీళ్ళలో గురువులుగా నిలిచిరి. ఆ సంవత్సరము ముగియునప్పటికి జూన్ మధ్యనుండి బాప్తిస్మము పొందినవారి సంఖ్య 9,606.

ఈ వార్త విని అమెరికాలో సంతోషించినవారుండిరి, అనుమానించినవారును ఉండిరి. అన్నముకొరకు వచ్చిన క్రైస్తవులని పలుకు నింద నేటికిని వినబడుచున్నది. దానికి జవాబు వెల్లంపల్లి ఒడ్డున వారే చెప్పిరి. అన్నము వారు అడుగుకొనలేదు, త్రవ్వుకొనిరి.

క్లౌ దొర ఆ తరువాతను చాల సంవత్సరములు ఒంగోలులో పనిచేసెను. పాఠశాలలు స్థాపించెను, బోధకులను తరిఫీదు చేసెను. హ్యారియెట్ అమ్మగారు 1893లో చనిపోయిరి. ఆయన రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ అమ్మగారు ఆ తోలుపని వారి కథలను వినికూర్చి 1899లో ఒక పుస్తకము ప్రచురించిరి. చెప్పులు కుట్టుచుండగా అను అర్థమిచ్చు పేరు దానికి పెట్టిరి. కథ చెప్పువారి చేతిలో ఆరె ఉండెనని ఆ పేరే చాటుచున్నది. క్లౌ దొర 1910 నవంబరు 24వ తేదీన అమెరికాలోని రోచెస్టరులో ప్రభువునందు నిద్రించెను. ఆయన త్రవ్వించిన కాలువలో మన ప్రాంతమున ఇప్పుడు పడవల రాకపోకలు లేవు. కాని ఆ గట్టుమీద మట్టి మోసిన తల్లుల సంతానము నేడు మన సంఘములలో పాడుచున్నది, ప్రార్థించుచున్నది.

మన సంగతి ఏమి?

ఇంతవరకు తాతల కథ. ఇక మనవైపు చూచుకొందము. మేము కూడ ఈ ప్రశ్నలకు లోబడినవారమే.

మొదటిది. తోలుపని చేసిన తాతల విశ్వాసమును గొప్పగా చెప్పుకొని, వారి పనిని మాత్రము దాచుచున్నామా? బడి దరఖాస్తులో తండ్రి వృత్తి అనుచోట ఏమి వ్రాయవలెనో తోచక, కలము పట్టుకొని తలవంచుకొన్న పిల్లవానిని మేమెరుగుదుము. ఆ పిల్లవానికి సిగ్గు ఎవరు నేర్పిరి? లోకము నేర్పెననుట సులభము. సంఘములో ముందు వరుస ఎవరికి, వెనుక వరుస ఎవరికి అని అతడు ప్రతి ఆదివారము చూచుచునే యున్నాడు గదా. పిల్లలు చదువుకొనవలెను, ఉపాధ్యాయులు, నర్సులు, ఇంజనీర్లు కావలెను. అది క్లౌ దొర కాలమునుండి మన ఆశ. అయితే చదివించిన తండ్రి చేతి కాయలను చూచి సిగ్గుపడునట్లు చేయు చదువు సగము చదువే. ప్రత్యక్షపు గుడారము మీది కప్పునకు ఎర్రరంగు వేసిన పొట్టేళ్ళ తోళ్ళు కావలెనని దేవుడే చెప్పెను. అవి సిద్ధపరచిన చేతులను ఆయన తక్కువగా ఎంచెనా?

రెండవది. మన పొలములలో పత్తి తీయువారు, మిరప కోయువారు, కళ్ళములో కాయ ఏరువారు ఎవరు? ప్రతి యేడు కోతల కాలమున కర్నూలు వైపునుండి కుటుంబములు పిల్లాపాపలతో వలసవచ్చి, చేను గట్టున పట్టాల క్రింద పండుకొనుచున్నవి. మిరప ఘాటునకు వారి కండ్లు మండును, చేతులు భగభగలాడును. ఆ చేతులతోనే బిడ్డకు అన్నము పెట్టవలెను. మనలో పొలము గలవారు, కౌలు చేయువారు కొందరున్నారు. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఆపిన కూలి దేవుని చెవికి మొఱ్ఱపెట్టునని యాకోబు వ్రాసెను. యార్డులో సరుకు అమ్ముడుపోయిన తరువాత చూతము లెమ్మని వాయిదా వేసినప్పుడు, మనము ఆనాడు మేరను ఆపిన పెద్దల వరుసలో నిలిచినట్లే. ఆ వలస కుటుంబములలో ఒకదానినైనను ఆదివారము మన గుడికి పిలిచి, మన చాపమీద కూర్చుండబెట్టుకొంటిమా?

మూడవది. పనిని గౌరవించుట వేరు, అవమానమును భరించుమనుట వేరు. ఈ భేదము క్లౌ దొర నియమములలో చూచితిమి. ఏ పనియైనను ఘనమైనదే అని చెప్పుచు, ఒక కులమువారే ఆ పని చేయవలెనని, చేయి ముసుగు లేక మురికిలో దిగవలెనని చెప్పుట మోసము. మనుష్యులచేత మలము ఎత్తించుటను మన దేశపు చట్టము 1993లోను మరల 2013లోను నిషేధించినది. చట్టము నిషేధించినదానిని అలవాటు విడువకయున్న చోట సంఘము మౌనముగా ఉండరాదు. వీధి ఊడ్చు సహోదరికి చేతి తొడుగులు, తగిన జీతము, వారమునకు ఒక విశ్రాంతి దినము, పేరు పెట్టి అక్కా అని పిలుచు పిలుపు, ఇవన్నియు ఆమెకు రావలసినవి. మనము చేయు దానములు కావు.

నాలుగవది కష్టమైనది. సంఘములో చేరిన తరువాతను మాలపల్లె గుడి, మాదిగపల్లె గుడి అని మనలో మనమే గోడలు కట్టుకొంటిమి. కాలువ గుంటలో కలిసి దిగినవారి సంతానము ప్రభువు బల్లయొద్ద వేరువేరుగా కూర్చుండుట న్యాయమా? నీ పని నా పనికంటె తక్కువ అను మాట మన పేటలలోను ఉన్నది. ఇతరులు మనలను తృణీకరించిరని చెప్పుకొనుటకు నోరు తెరచువారము, మనము తృణీకరించువారిని కూడ లెక్కింపవలెను.

నజరేతు వడ్రంగిని ప్రభువని పిలుచు మనము ఈ వారము ఒక చిన్న పని చేయుదము. మన ఇంటిలో వృద్ధులున్న యెడల వారి చేతులు పట్టుకొని, ఆ కాయలు ఏ పనివలన కాచినవో అడిగి, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని విందము. ఆదివారము కూడికలో కరచాలనము చేయునప్పుడు ఒక కూలి సహోదరుని చేయి పట్టుకొని, ఒక్క నిమిషము విడువకయుందము. వెల్లంపల్లి యేటి ఒడ్డున చూపబడిన సాక్ష్యము మన చేతికి తగులును.

ప్రార్థన: పనిచేయు తండ్రీ, చేతులతో పనిచేసిన కుమారుని మాకిచ్చితివి. మా తాతల కాయలు కాచిన చేతులను నీవు త్రోసివేయలేదు. ఇతరుల పనిని చులకన చేసిన మా నోళ్ళను, కూలి ఆపిన మా చేతులను క్షమించుము. చర్మకారుని యింట పేతురు నేర్చిన పాఠము మాకును నేర్పుము. ఆమేన్.